కొరివిదయ్యానికి మార్కు పడలేదు

దసరా సెలవులయ్యి బడి తెరిచిన రోజు స్టాఫ్ రూములో బల్ల మీద నారింజరంగు అట్టల పుస్తకాల కట్ట ఒకటి కనిపించింది. ఏడో తరగతి పిల్లలకు తలా ఒకటి. తెరిచి చూస్తే నలభై ఇంగ్లీషు మాటలు, మాటకో బొమ్మ, బొమ్మ కింద అర్థం రాయడానికి రెండు గీతలు. అన్నీ హాలోవీన్ పండగ మాటలే. దయ్యం, అస్థిపంజరం, గబ్బిలం, సాలెగూడు, మంత్రగత్తె, ఆవిడ ఎక్కి తిరిగే చీపురు, ఆవిడ మందు కాచే కొప్పెర. భయాన్ని చెప్పే మాటలే అరడజను ఉన్నాయి. స్పూకీకీ క్రీపీకీ ఈరీకీ తేడా ఏంటో మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

తెనాలిలోని ఆ ప్రైవేటు బడిలో నేను ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. పుట్టింది రేపల్లెలో, డిగ్రీ చదివింది బాపట్లలో. ఇంగ్లీషు మాటల మీద నాకేం కోపం లేదు. వాటితోనే అన్నం తింటున్నాను. అయినా ఆ పుస్తకం చూడగానే ఒళ్ళు మండింది.

"దసరా నిన్ననే కదండీ అయింది. ఇప్పుడీ దయ్యాల పండగేంటి?" అని మా కోఆర్డినేటర్‌ని అడిగాను.

ఆ అమ్మాయి ఆ జూన్‌లోనే చేరింది. మా మేనేజ్‌మెంటుకు తెనాలి, రేపల్లె, బాపట్లల్లో మూడు బ్రాంచీలున్నాయి. మూడింట్లోనూ ఇంగ్లీషు ఎలా చెబుతున్నారో చూడడం ఆమె పని. వయసు ముప్ఫై లోపే. చేతిలో ఎప్పుడూ ఒక ట్యాబు ఉండేది.

"వొకాబులరీ మేడం. పిల్లలకి ఎక్స్‌పోజర్ కావాలి కదా" అంది. "నెలాఖరు శుక్రవారం బాపట్ల బ్రాంచిలో పోటీ. కాస్ట్యూమ్ పెరేడ్, క్విజ్ రెండూ ఉంటాయి. మీరు పిల్లల్ని తయారు చెయ్యండి చాలు."

సరే, ఉద్యోగం. తయారు చెయ్యడం మొదలుపెట్టాను.

పిల్లలకు నచ్చలేదని చెబితే అబద్ధమవుతుంది. బాగా నచ్చింది. ఏ భాషలో చెప్పినా దయ్యాలంటే పిల్లలు చెవులు నిక్కించి వింటారు. 'ట్రిక్ ఆర్ ట్రీట్' దగ్గర కాసేపు ఆగాను. వేషాలేసుకున్న పిల్లలు ఇంటింటికీ పోయి తలుపు కొట్టి, మిఠాయి పెడతారా, అల్లరి చెయ్యమంటారా అని అడుగుతారని చెప్పాను. మా అమ్మ చిన్నప్పుడు దసరాకి బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగి పువ్వులు చల్లి, పప్పుబెల్లాలు పెట్టించుకునేవాళ్ళని, అది ఇలాంటిదేనని అన్నాను. పిల్లలు ఆశ్చర్యపోయారు. వాళ్ళల్లో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. తలుపు దగ్గర నిలబడి వింటున్న కోఆర్డినేటర్ తరవాత నన్ను పక్కకు పిలిచి, "సిలబస్ బయటకు వెళ్ళొద్దు మేడం, టైం లేదు" అంది.

ఆ క్లాసులోనే ఒక పిల్ల ఉంది. నేను చెప్పబోయేదంతా ఆ పిల్ల గురించే.

ఊరు అడవులదీవి. తండ్రి సముద్రం మీద వేటకు పోతాడు. తల్లి నిజాంపట్నం రేవులో చేపలు కొని ఊళ్ళమ్మట అమ్ముతుంది. ఇద్దరూ ఎలాగో డబ్బు కూడబెట్టుకుని పిల్లను ఆరో తరగతిలో మా హాస్టల్లో చేర్చారు. మొదటి సంవత్సరమంతా నోరు విప్పలేదు. ఏడుకు వచ్చేసరికి మాటల మీద పడింది. కొత్త మాట ఏది చెప్పినా దాన్ని నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండు మూడుసార్లు అనుకునేది. క్లాసయ్యాక నా వెనకే నడిచొచ్చి, "మేడం, దీన్ని ఇంకెక్కడైనా వాడొచ్చాండి?" అని అడిగేది. ఇంతకాలంలో అలా అడిగినవాళ్ళు నాకు నలుగురైదుగురు తగిలి ఉంటారు.

పుస్తకంలో పద్దెనిమిదో మాట 'జాక్ ఓ లాంటర్న్'. గుమ్మడికాయకు కళ్ళూ నోరూ చెక్కి, లోపల దీపం పెట్టిన బొమ్మ పక్కనే ఉంది. నా దగ్గర బాపట్లలో చదువుకునేటప్పుడు కొన్న లావుపాటి నిఘంటువు ఉంది. అట్ట ఊడిపోతే రెండుసార్లు బైండు చేయించుకున్నాను. ప్రతి మాటా అందులో చూసి చెప్పడం నాకలవాటు. ఆ రోజూ చూశాను. గుమ్మడికాయ దీపం అని ఉంది. దాని కిందే ఇంకో అర్థం, పాత వాడుక అనే గుర్తుతో ఉంది. చిత్తడినేలల మీద రాత్రిపూట కనిపించే వెలుగు. దయ్యమని జనం భయపడే వెలుగు.

రెండూ పిల్లలకు చదివి వినిపించాను. "తెలుగులో కొరివిదయ్యం అంటారు చూడండి, అదే ఇది" అన్నాను.

ఆ పిల్ల చెయ్యెత్తకుండానే లేచి నిలబడింది.

"మా తాత చూశాడండి! మడ అడవి దగ్గర. వల తీసుకుని వస్తంటే నీళ్ళ మీద దీపంలాగా వెలిగిందంట. పడవ ఎటు తిప్పితే అటే వచ్చిందంటండి."

క్లాసంతా ఆ పిల్ల వైపు తిరిగింది. ఇంకా చెప్పమని అడిగారు. అయిదు నిమిషాలు చెప్పింది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఆ గంటలో ఆ పిల్లను మించిన టీచరు లేరక్కడ. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

రెండు రోజుల తరవాత కాస్ట్యూమ్ పెరేడ్‌కు పిల్లల్ని ఎంపిక చెయ్యడానికి కోఆర్డినేటర్ క్లాసుకు వచ్చింది. తెల్లగా ఉన్న ఇద్దరు ఆడపిల్లలను చూపించి, "మీరిద్దరూ ఏంజెల్స్" అంది. తరవాత క్లాసంతా ఒకసారి కలయజూసి, మూడో వరసలో ఉన్న మా అడవులదీవి పిల్లను లేపింది.

"విచ్‌కి ఈ అమ్మాయి సరిపోతుంది. మేకప్ కూడా పెద్దగా అక్కర్లేదు."

పిల్లలు నవ్వారు. ఆమె కూడా చిన్నగా నవ్వింది, పెద్ద పనేదో తేలికైపోయినట్టు. నేను బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడే ఉన్నాను. అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆమె వెళ్ళిపోయేదాకా బోర్డు మీద మాటలు తుడుస్తూ ఉండిపోయాను.

గంట కొట్టాక ఆ పిల్ల నా వెనకే వచ్చింది.

"మేడం, విచ్ అంటే నల్లగానే ఉండాలాండి?"

"లేదమ్మా. ఎవరన్నారు?"

"పుస్తకంలో బొమ్మ ఆకుపచ్చగా ఉంది కదండీ. మరి నాకు మేకప్ అక్కర్లేదని ఎందుకన్నారు?"

ఏడవలేదు. కోపంగా కూడా అడగలేదు. లెక్కలో ఎక్కడ తేడా వచ్చిందో అడిగినట్టు అడిగింది.

నేరుగా స్టాఫ్ రూముకు పోయాను. "ఆ పిల్లను మంత్రగత్తె వెయ్యనివ్వను" అన్నాను.

"ఏమైంది మేడం?"

"మేకప్ అక్కర్లేదన్నారు. ముప్ఫై ఎనిమిదిమంది ముందు అన్నారు."

"అయ్యో, నేనేం తప్పుగా అనలేదు. మీరే అలా తీసుకుంటున్నారు."

ఈ మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అన్నవాళ్ళది తప్పు కాదట, విన్నవాళ్ళు తీసుకోవడంలో ఉందట తప్పు. చాలాసేపు వాదించాను. చివరికి ఆమె విసుగ్గా, "సరే, అయితే ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది. క్విజ్‌లో పెట్టమన్నాను. నలభై మాటలూ అక్షరం పొల్లుపోకుండా వచ్చిన పిల్ల క్లాసులో అదొక్కతే. అలా క్విజ్ టీములో చేర్పించింది నేనే. ఈ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి.

పోటీ రోజు స్కూలు బస్సులో పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళాం. మా ప్రిన్సిపాల్ గారు కారులో ముందే వెళ్ళిపోయారు. అక్కడ హాలంతా నల్లకాగితం గబ్బిలాలు, దూదితో చేసిన సాలెగూళ్ళు. ఎర్ర గుమ్మడికాయలు ముక్కలు కోసి అమ్మేవే తప్ప కాయ మొత్తంగా దొరకలేదట. పునాదుల దగ్గర దిష్టి తియ్యడానికి కొట్టే బూడిదగుమ్మడికాయలు తెచ్చి, వాటికి నారింజరంగు పూసి, కళ్ళూ మూతీ చెక్కి వరసగా పెట్టారు. రంగు ఆరక ఒకటి చేతికి అంటుకుంటోంది. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. మంత్రగత్తె వేషం వేరే బ్రాంచి పిల్ల వేసింది. ఆ పిల్ల కూడా నల్లపిల్లే.

క్విజ్ మొదలైంది. కోఆర్డినేటర్ ప్రశ్నలడుగుతోంది. పక్కన జడ్జీగా ఏదో కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. ఆయన ముందు కీ కాగితం ఉంది. ప్రతి మాటకూ అందులో ఒకటే అర్థం. రేపల్లె పిల్లలు మధ్యలోనే వెనకబడ్డారు. మా తెనాలీ బాపట్లా చివరిదాకా సమానంగా వచ్చాయి. చివరి ప్రశ్న మా పిల్లకు పడింది.

"వాట్ ఈజ్ ఎ జాక్ ఓ లాంటర్న్?"

నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నాకు బాగా తెలిసిన మాటే అడిగారన్నట్టుగా నిటారుగా నిలబడింది.

"ఇట్ ఈజ్ ఎ లైట్ ఓవర్ వెట్ ల్యాండ్, సార్. పీపుల్ థింక్ ఇట్ ఈజ్ ఎ ఘోస్ట్. మై గ్రాండ్‌ఫాదర్ సా ఇట్."

ఒక్క తప్పు లేదు. మూడు వాక్యాలు, మూడూ తిన్నగా ఉన్నాయి. ఏడాదిన్నర క్రితం 'మే ఐ కమిన్' అనడానికి వణికిపోయిన పిల్ల.

జడ్జీ గారు కీ కాగితం వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ మైకు దగ్గరకు లాక్కున్నారు.

"యువర్ గ్రాండ్‌ఫాదర్ సా ఎ ఘోస్ట్?"

హాలు హాలంతా నవ్వింది. పిల్లలు నవ్వారు, తల్లిదండ్రులు నవ్వారు, మా టీచర్లూ నవ్వారు. ప్రశ్న బాపట్ల పిల్లాడికి వెళ్ళింది. వాడు టేబుల్ మీదున్న నారింజరంగు బూడిదగుమ్మడికాయను వేలుతో చూపించి, "పంప్‌కిన్ ల్యాంప్" అన్నాడు. చప్పట్లు. మార్కు వాడికి పడింది.

నేను లేచాను. "సార్, మా అమ్మాయి చెప్పింది కరెక్టండి."

ఎవరూ వినిపించుకోలేదు. వేదిక దగ్గరకు పోయి ఫోన్‌లో నిఘంటువు తెరిచి జడ్జీ గారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. రెండోసారి కూడా చదివారు. నవ్వు పోయింది.

"అది పాత అర్థం లెండి" అన్నారు మెల్లగా. "ఇక్కడ హాలోవీన్ గురించి కదా అడిగింది."

"పాతదైనా అర్థమే కదండీ. తప్పు అని ఎలా అంటారు?"

"కీలో లేదు మేడం" అంది కోఆర్డినేటర్.

"కీ రాసినవాళ్ళకు తెలియకపోతే మాటకు ఆ అర్థం లేకుండా పోతుందా?"

అప్పటికి మా ప్రిన్సిపాల్ గారు నా పక్కకు వచ్చేశారు. చెయ్యి అడ్డంపెట్టి, పెదవులు కదలకుండా, "కూర్చోండి మేడం, ప్లీజ్. పేరెంట్స్ చూస్తున్నారు. చిన్న విషయం" అన్నారు.

నేను కూర్చున్నాను.

జడ్జీ గారి వాదనలో అసలు పస లేదని అనను. సందర్భం చూసుకుని రెండు అర్థాలూ చెప్పమని నేనే ఆ పిల్లకు నేర్పాల్సింది. అర మార్కు కోసేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ నవ్వు దేనికి? పన్నెండేళ్ళ పిల్ల పరాయి భాషలో మూడు వాక్యాలు తప్పు లేకుండా చెబితే, తెలియాల్సినవాడు చేతిలో కాగితం చూసి నవ్వాడు, తెలియనివాళ్ళు ఆయన్ని చూసి నవ్వారు. వాళ్ళ తాత ఏ కాలేజీ ప్రొఫెసరో అయ్యుంటే నవ్వేవాళ్ళా అని నేను ఇప్పటికీ అడుగుతున్నాను. మనది కాని పండగను నెత్తికెత్తుకుని, దాని మాట ఒకటి మన నేల మీద నిజంగా కనిపిస్తుందని ఒక పిల్ల చెబితే ఓర్చుకోలేకపోయాం.

తిరుగు ప్రయాణంలో బస్సు చేబ్రోలు దాటకుండానే వెనక సీట్లలో ఎవరో 'కొరివిదయ్యం' అని పిలిచారు. నేను గట్టిగా కసిరాను. ఊరుకున్నారు కానీ, హాస్టల్లో నేనుండను కదా. సోమవారానికి అదే ఆ పిల్ల పేరైపోయింది.

తరవాతి రెండు వారాలు ఆ పిల్ల నా క్లాసులో ఒక్కసారీ చెయ్యెత్తలేదు. టెస్టు పెడితే పది ప్రశ్నలకూ 'ఐ డోంట్ నో' అని పదిసార్లు రాసిచ్చింది. దస్తూరి మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. రెండో శనివారం సెలవుకు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. బుధవారం వాళ్ళ అమ్మ నుంచి ఫోను వచ్చింది.

"మేడం గారూ, పిల్ల బడికి రానంటందండి. ఏం జరిగిందో చెప్పట్లేదు. మీరంటే ఇష్టం కదా అని చేశానండి."

ఆదివారం పొద్దున తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు దాటాక రెండువైపులా కోతకొచ్చిన వరి. నేను కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో ఇంగ్లీషులో, తెలుగులో కూడా అనుకుంటూనే ఉన్నాను. ఏదీ కుదరలేదు. రేపల్లెలో దిగి, బస్సూ ఆటో మారి అడవులదీవి చేరేసరికి పదకొండయింది.

రేకుల ఇల్లు. ముందు పందిరి కింద తాత కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల్లి కుర్చీ తెచ్చి వేసింది. నేను వెళ్ళేసరికే ఆమెకు విషయం సగం తెలిసిపోయింది. ముందురోజు రాత్రి పిల్ల చెప్పేసిందట.

"మాకు ఇంగ్లీషు రాదండి" అంది ఆమె, నిలబడే. "పిల్లకన్నా వస్తదని పంపించాం. వాళ్ళ తాత చూసింది చెబితే అంతమంది నవ్వారంటగా? నలుపని మంత్రగత్తెను చేద్దామన్నారంటగా? ఇదేం చదువండి? మా పిల్ల ఏం పాపం చేసిందని?"

ఆమె గొంతు పెరిగింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. నేను తల దించుకుని వింటూ ఉన్నాను.

తాత కోపగించుకోలేదు. వల మీంచి చేతులు తియ్యకుండానే, "అది దయ్యమో కాదో నాకు తెలవదమ్మా" అన్నాడు. "వెలుగు కనపడిన చోటల్లా లోతు బురద ఉంటది. అటు పోతే పడవ కూరుకుపోద్ది. మా నాన్న చెప్పాడు, నేను తిప్పుకున్నాను. తిప్పుకోకపోతే ఈ పిల్ల తండ్రి పుట్టేవాడే కాదు. ఇందులో నవ్వడానికేముంది?"

తల్లి లోపలికి కేక వేసింది. చాలాసేపటికి పిల్ల గుమ్మం దగ్గరకు వచ్చింది. నాకు నమస్కారం పెట్టలేదు. తలుపు పట్టుకుని నిలబడి అడిగింది.

"మీరు చెప్పిందే చెప్పాను కదా మేడం?"

"అవునమ్మా."

"అది కరెక్టే కదండీ?"

"కరెక్టే."

"మరి మీరెందుకు కూర్చున్నారు?"

ఆ ప్రశ్నకు ఎన్నో జవాబులు ఉన్నాయి. ప్రిన్సిపాల్ చెప్పారు. ఉద్యోగం. తల్లిదండ్రులున్నారు. గొడవవుతుంది. అవన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఆ ఇంటి ముందు, ఆ ముగ్గురి ఎదుట చెప్పడానికి ఒక్కటీ పనికిరాలేదు.

"తప్పు చేశానమ్మా. భయపడ్డాను" అన్నాను.

పిల్ల తలుపు వదిలి లోపలికి వెళ్ళిపోయింది. తల్లి మాత్రం కాస్త మెత్తబడి, భోజనం చేసి వెళ్ళమంది. తిన్నాను. చేపల పులుసు, వేడన్నం. వచ్చేటప్పుడు ఆమెకు చెప్పాను: "సోమవారం ప్రార్థన టైముకి మీరే తీసుకురండమ్మా. గేటు దగ్గర దించేసి పోకుండా లోపలికి రండి."

మా బడిలో రోజూ ప్రార్థన అయ్యాక ఒక టీచరు 'ఈ రోజు మాట' అని ఒక ఇంగ్లీషు మాట చెప్పాలి. సోమవారం నా వంతు. గ్రౌండులో ఆరేడువందల మంది పిల్లలు. చివర్లో, గేటు లోపల, మా పిల్లా వాళ్ళమ్మా నిలబడి ఉన్నారు. ఎక్కడ తెచ్చుకుందో ఆ తల్లి మంచి చీర కట్టుకొచ్చింది. నేను ఇంటి నుంచి నిఘంటువు మోసుకొచ్చాను. తెరిచి మైకులో చదివాను. మొదటి అర్థం, రెండో అర్థం. తరవాత తెలుగులో చెప్పాను.

"బాపట్లలో మన అమ్మాయి ఈ రెండో అర్థం చెప్పింది. అది సరైన జవాబు. మార్కు వెయ్యాలి, వెయ్యలేదు. అక్కడ నవ్వినవాళ్ళం మనమే, మాట తెలియనివాళ్ళమూ మనమే. తప్పని చెప్పడానికి లేచి, మధ్యలో కూర్చున్నది నేను. ఆ అమ్మాయికి మీ అందరి ముందూ సారీ చెబుతున్నాను. ఈ రోజు నుంచి ఆ పిల్లను ఎవరైనా పేరు పెట్టి ఏడిపిస్తే నా దగ్గరకు రావాలి."

ప్రిన్సిపాల్ గారు మైకు ఆపించారు. ఆపించేటప్పటికి నేను చెప్పాల్సింది అయిపోయింది.

తరవాత జరిగింది మాత్రం నేను అనుకోనిది. ఆ తల్లి పిల్లను వదిలి, నేరుగా నడుచుకుంటూ కోఆర్డినేటర్ దగ్గరకు పోయింది.

"మా పిల్ల నల్లగానే ఉంటదండి" అంది. "ఎండలో తిరిగే ఇంట్లో పుట్టింది. మీకు వేషం కావాలంటే మీరు వేసుకోండి."

ఆ మాట అని వెనక్కి తిరిగింది. వరసల్లో నిలబడ్డ పిల్లలు చూస్తూ ఉండిపోయారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆ కోఆర్డినేటర్ ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది. నాకు జాలి వేసిందని చెప్పలేను. కానీ ఆమె అన్నది విన్నాను.

"నిజంగా నాకు ఆ అర్థం తెలియదు మేడం. కీ ఎవరు రాశారో కూడా తెలియదు. పీడీఎఫ్ వస్తుంది, ప్రింట్ తీస్తాం."

"తెలియకపోవడం తప్పు కాదమ్మా" అన్నాను. "నాకూ చాలా మాటలు తెలియవు. ఫోన్‌లో చూపించాక కూడా కీలో లేదన్నారు చూడండి, అది తప్పు. మేకప్ విషయానికి తెలియకపోవడం అనే సాకు కూడా లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని ట్యాబు తీసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజుల తరవాత ఆ పిల్లను పిలిచి ఏదో మాట్లాడిందని విన్నాను. ఏం మాట్లాడిందని నేను అడగలేదు.

సాయంత్రానికి నాకు మెమో వచ్చింది. సంస్థ పరువుకు భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. రెండే వాక్యాలు రాసిచ్చాను. నేను అన్నదాంట్లో అబద్ధం ఏదైనా ఉంటే చూపించండి. చూపిస్తే క్షమాపణ చెబుతాను. దానికి జవాబు రాలేదు. ఆ పుస్తకం అచ్చువేసిన హైదరాబాదు కంపెనీకి కూడా ఒక ఉత్తరం రాశాను, నిఘంటువు పేజీ ఫోటో జతచేసి. 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అని ఒక మెయిలు వచ్చింది. అది మనిషి రాసింది కాదని చూడగానే తెలుస్తుంది. నెల తరవాత బాపట్ల నుంచి మా పిల్లకు పాల్గొన్నందుకు సర్టిఫికెట్ వచ్చింది. అందులో పేరు తప్పు పడింది. వాళ్ళమ్మ దాన్ని తీసుకోలేదు. "పేరు కూడా రాయడం రాని కాగితం మాకెందుకండి" అని ఆఫీసు కిటికీలోనే వదిలేసి వెళ్ళింది.

పిల్ల ఏడో తరగతి మా దగ్గరే పూర్తి చేసింది. హాస్టల్లో ఆ పేరు పెట్టి పిలవడం తగ్గింది, పూర్తిగా పోలేదు. నా క్లాసులో చెయ్యెత్తడం మళ్ళీ మొదలుపెట్టింది కానీ, నా వెనకే నడిచొచ్చి మాటలు అడగడం మాత్రం మానేసింది. అది నాకు పడాల్సిన శిక్షే. ఎనిమిదిలో వాళ్ళమ్మ ఆ పిల్లను రేపల్లెలో ప్రభుత్వ బడిలో చేర్చింది. రోజూ బస్సులో వచ్చి పోతుంది.

ఆ జూన్‌లో నన్ను హైస్కూలు నుంచి తీసి రెండో తరగతికి వేశారు. అనుభవమున్నవాళ్ళు చిన్నపిల్లలకు అవసరమని చెప్పారు. అందరికీ తెలుసు ఎందుకో. రాజీనామా చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెయ్యలేదు. ఏడేళ్ళ పిల్లలకు పిల్లి, ఎలుక, గొడుగు చెబుతున్నాను.

మొన్న ఆగస్టులో పుట్టింటికని రేపల్లె వెళ్ళినప్పుడు బస్టాండులో ఆ తల్లీకూతుళ్ళు కనిపించారు. పిల్ల నా భుజం దాకా పెరిగింది. నన్ను చూసి తనే వచ్చి పలకరించింది. కొత్త బడిలో పొద్దున్నే పేపరు చదివి వార్తలు చెప్పే పని తనదేనట, తెలుగులో, ఇంగ్లీషులో కూడా. చదవడం రాని మాట వస్తే ఏం చేస్తావని అడిగాను.

"ఆగిపోతానండి. ఆగి, సార్‌ని అడుగుతాను. ఆయనకీ తెలియకపోతే తెలియదని చెబుతారండి" అంది.

ఇంతలో వాళ్ళ బస్సు వచ్చింది. వాళ్ళమ్మ ఖాళీ చేపల గంప చంకన పెట్టుకుని ఎక్కింది. పిల్ల వెనకే ఎక్కి, కిటికీ పక్కన సీటు పట్టుకుంది. నాకు చెయ్యి ఊపింది. తెలియదని చెప్పే ఆ సారెవరో నాకు తెలియదు. ఆ రోజు బాపట్ల హాల్లో అలాంటి మనిషి ఒక్కరున్నా సరిపోయేది. మా ఇంతమందిలో ఒక్కరం లేకపోయాం.